పట్టా కింద కంకర, కట్ట వెనుక నీళ్లు

(విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న ఒక సాయంత్రపు కూటమిలో జర్నలిస్టు మిత్రుడొకరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను రైళ్ల మీద మాట్లాడుమన్నరు. రైలు అనంగనే మనకు యాదికొచ్చేది ఇంజిన్, కూత, స్టేషన్. లేకుంటే బడ్జెట్ పూట మనకెన్ని రైళ్లిచ్చిన్రు, ఎన్ని ఎగ్గొట్టిన్రు అన్న లెక్క. ఆ లెక్క కూడ కొంచెం చెప్త. గాని నేను మొదలుపెట్టేది మాత్రం పట్టా కింద ఉండే కంకర కాడికెల్లి. ఎందుకో చెప్త.

2011లో సకల జనుల సమ్మె నడుస్తున్నది. నేను డిగ్రీ చదువుతున్న. రైల్‌రోకో పిలుపొస్తే మా ఊరి పక్క స్టేషన్ దాటినంక పట్టాల మీద కూచున్నం. వంటలు అక్కడ్నే, ఆట అక్కడ్నే, పాట అక్కడ్నే. మాపటీలి మాలో ఒక పోరడు ఏం తోచక పట్టాల నడుమ కంకర రాళ్లు తీసి పక్కకు కుప్ప పోస్తున్నడు. నారింజ రంగు అంగీ తొడుక్కున్న ఒక గ్యాంగ్‌మెన్ దూరం నుంచి చూసి ఉరికొచ్చిండు. మేం ఆయన మమ్మల్ని లేవగొడ్తడనుకున్నం. ఆయన ఏమన్నడంటే, "బిడ్డా, రైలును ఆపుకోండి, నేను వద్దన. కంకర మాత్రం ముట్టకుండ్రి. మీరు రేపు లేచి ఇంటికి పోతరు. ఎల్లుండి రైలు దీని మీదికెల్లే పోవాలె." అని కింద కూచొని ఆ రాళ్లన్నీ మళ్లీ స్లీపర్ కిందికి తోసిండు. మేం కూడ సిగ్గుపడి తోసినం.

ఆ మాట నాకు పదేండ్లకు పైగా చెవుల్లోనే ఉన్నది. రైళ్ల మీద ఏది రాయబోయినా ఆ మనిషే యాదికొస్తడు.

పట్టా అంటే రెండు ఇనుప కడ్డీలు అనుకుంటం. అసలు సంగతి కింద ఉంటది. కిలోమీటరుకు ఇంచుమించు 1660 సిమెంటు స్లీపర్లు. వాటి కింద అడుగు మందం కంకర. ఆ కంకర గుండ్రటి రాయి కావొద్దు, మూలలు తేలిన పలుగురాయి కావాలె. అప్పుడే ఒకదాన్నొకటి పట్టుకొని నిలబడ్తది. రైలు బరువును భూమికి పంచేది అదే, వాన నీళ్లను కిందికి జార్చేది అదే, ఎండకు పట్టా ఉబ్బి పక్కకు వంగబోతే పట్టి ఉంచేది అదే. కంకర కిందికెల్లి మట్టి కొట్టుకపోతే పైన ఎంత గట్టి ఇనుమున్నా లాభం లేదు. మన దిక్కు రైలు చరిత్రలో పెద్ద పెద్ద చావులన్నీ అట్లనే జరిగినయి. ఇయ్యాల నేను ప్రధానంగ చెప్పదలుచుకున్నది ఇదే. అంతకు ముందు ఈ పట్టాలు ఎవరి కోసం పడ్డయో చూడాలె.

మన గడ్డ మీద మొదటి రైలు 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు వచ్చింది. వాడి అంటే బొంబాయి నుంచి మద్రాసు పోయే పెద్ద లైను మీది జంక్షన్. పైసలు నిజాం ప్రభుత్వానివి, అవసరం ఎక్కువ ఇంగ్లీషోళ్లది. సికింద్రాబాద్‌లో వాళ్ల దండు ఉన్నది. ఆ దండును బొంబాయితో కలపాలె. తర్వాత కన్ను బొగ్గు మీద పడ్డది. 1883లో లండన్‌లో కంపెనీ పెట్టిన్రు. దాని పేర్లోనే "గ్యారంటీడ్" అని ఉన్నది. గ్యారంటీ ఎవరికి? ప్రయాణికునికి కాదు, లండన్‌లో వాటా కొన్నోనికి. రైలు లాభంతో నడిచినా నష్టంతో నడిచినా 20 ఏండ్లు 5 శాతం వడ్డీ నిజాం ఖజానా కట్టాలె. అంటే రైతు కట్టిన శిస్తులకెల్లి కట్టాలె.

ఇక్కడ ఒక్క ముచ్చట. ఈ ఒప్పందం మీద హైదరాబాద్‌లో అదే ఏడు గొడవ లేచింది. చాందా రైల్వే ఆందోళన అంటరు దాన్ని. షరతులేందో జనానికి చెప్పుండ్రి, వివరాలు బయట పెట్టుండ్రి అని చదువుకున్నోళ్లు అడిగిన్రు. వాళ్లలో అఘోరనాథ్ చటోపాధ్యాయ ముఖ్యుడు. సరోజినీ నాయుడు తండ్రి, మన పిల్లలకు చదువు చెప్పిన బెంగాలీ పంతులు. ఆయన్ను రాజ్యం నుంచి వెళ్లగొట్టిన్రు. అంటే హైదరాబాద్ రాజ్యంలో చదువుకున్నోళ్లు రోడ్డెక్కి ప్రభుత్వాన్ని లెక్క అడిగిన తొలి సందర్భాల్లో ఒకటి రైలు మీదనే. అడిగింది రైలు వద్దని కాదు, కాగితం చూపెట్టుమని. ఈ కాగితం ముచ్చట మళ్లీ వస్తది, మనసులో పెట్టుకోండి.

లైను 1886కు వరంగల్ చేరింది. 1888లో డోర్నకల్ నుంచి ఇల్లందు బొగ్గుకు కొమ్మ పడ్డది. 1889కి బెజవాడ. అటు 1900 నాటికి హైదరాబాద్ నుంచి నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్ మీదుగ మన్మాడ్ దాకా మీటరు గేజి వేసిన్రు. పెద్ద లైను వెడల్పు 1676 మిల్లీమీటర్లు, దీనిది 1000. నిజామాబాద్ ముసలోళ్లను అడిగితే ఇప్పటికీ చిన్న రైలు అని మురిపెంగ చెప్తరు. 1929లో కాజీపేట, బల్లార్షా కలిసినయి. దాంతోని మద్రాసు ఢిల్లీ దారి మన నడుమకెల్లి పోయింది. కాజీపేట పెద్ద జంక్షన్ అయింది. 1930లో సర్కారు కంపెనీని కొని రైలును తన చేతికి తీసుకున్నది. 1932లో ఆ రైల్వే కిందనే 27 బస్సులతోని రోడ్డు రవాణా మొదలైంది. మన ఆర్టీసీకి తల్లి రైల్వేనే. 1951లో మన రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది, సికింద్రాబాద్ దానికి కేంద్రం.

ఇప్పుడు పటం ముందట పెట్టుకొని చూడండి. పెద్ద లైన్లన్నీ మన మీదికెల్లి బొంబాయికి, మద్రాసుకు, ఢిల్లీకి పోతయి. బొగ్గు పోతది, సిమెంటు పోతది. మన ఊరు నుంచి మన ఊరికి పోయే లైను ఏది? పెద్దపల్లి, కరీంనగర్, నిజామాబాద్ లైను 177 కిలోమీటర్లు. 1993లో పునాదిరాయి, 2017లో పూర్తి. 24 ఏండ్లు. మెదక్ జిల్లా కేంద్రానికి రైలు ముఖం చూపెట్టింది 2022 సెప్టెంబర్‌లో, అదీ అక్కన్నపేట నుంచి 17 కిలోమీటర్ల ముక్క. సిద్దిపేటకు 2023 అక్టోబర్‌లో. కొత్తగూడెం స్టేషన్ పేరు భద్రాచలం రోడ్డు. రాములవారి దగ్గరికి అక్కడికెల్లి ఇంకో 40 కిలోమీటర్లు బస్సెక్కాలె. పేరు ఇచ్చిన్రు గాని పట్టా ఇయ్యలే! ఇగ కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ ముచ్చట మీకందరికి తెలుసు. 1980లలో కపుర్తలకు పోయింది, 2014 విభజన చట్టంలో పరిశీలన అని రాసిన్రు, 2023 జులైలో కాజీపేటలో తయారీ యూనిట్‌కు ప్రధాని రాయి వేసిండు. దాని మీద చాలామంది మాట్లాడిన్రు, నేను ఆగ.

ఎందుకంటే నేను నీళ్ల కాడికి రావాలె.

ఈ దేశం చెరువుల దేశం. ఒక కట్ట తెగితే కింది కట్ట మీద పడ్తది, అది తెగితే ఇంకో దాని మీద. గొలుసుకట్టు చెరువులు అని మనం గొప్పగ చెప్పుకుంటం, గొప్పనే. రైలోళ్లు వచ్చి ఈ గొలుసుకు అడ్డంగ మట్టి కట్ట పోసి దాని మీద పట్టా వేసిన్రు. వాగు దగ్గర వంతెన, కాలువ దగ్గర తూము పెట్టిన్రు. ఆ తూము ఎంత పెద్దగుండాలె అన్నది మామూలు వానను బట్టి లెక్క కట్టుకుంటరు. చెరువు తెగిన నాడు వచ్చే నీళ్లు ఆ లెక్కలో ఉండవు.

1954 సెప్టెంబర్ చివర్ల జనగామ దగ్గర యశ్వంతాపూర్ వాగు మీది వంతెన రాత్రిపూట కూలి రైలు నీళ్లలో పడ్డది. వందమందికి పైగ చనిపోయిన్రు. రెండేండ్లు తిరగకముందే 1956 సెప్టెంబర్ 2 రాత్రి, జడ్చర్ల మహబూబ్‌నగర్ నడుమ ఇంకో వంతెన. మళ్లీ వందమందికి పైగ. అప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి. రాజీనామా ఇచ్చిండు, నెహ్రూ ఒప్పుకోలే. నవంబర్‌లో తమిళదేశంల అరియలూర్ దగ్గర అట్లనే వంతెన కూలినంక ఇచ్చిన రాజీనామాను ఒప్పుకున్నరు. పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్లు అరియలూర్ పేరు బట్టీ పడ్తరు. దానికి ముందు రాజీనామా మన పాలమూరు చావుల మీద ఇచ్చిందన్న సంగతి చాలా పుస్తకాల్లో ఒక్క వాక్యం కూడ ఉండదు.

ఇగ 2005 అక్టోబర్ 29. ఇది మీలో చానామందికి యాదుంటది. దీపావళికి మూడు రోజుల ముందు. రేపల్లె నుంచి సికింద్రాబాద్ వచ్చే డెల్టా ప్యాసింజర్. రామన్నపేట దాటినంక, వలిగొండ రాకముందు, తెల్లారుజామున. పైన చెరువు తెగింది. ఆ నీళ్లు చిన్న వంతెన దగ్గర రైలు కట్టను కోసుకొని పోయినయి. డ్రైవర్‌కు లైటు వెలుతుర్ల పట్టా కనబడ్తది గాని పట్టా కింద ఏముందో కనబడదు కదా! పెట్టెలు పెట్టెలు నీళ్లలో పడ్డయి. 110 మందికి పైగ పోయిన్రు. వాళ్లంతా ప్యాసింజర్ టికెట్ కొన్నోళ్లు. పట్నంలో కూలికి పోయేటోళ్లు, పండుగకు చుట్టాలింటికి పోయేటోళ్లు, దావఖానకు పోయేటోళ్లు.

ఒకసారి 2024 సెప్టెంబర్ 1కి రండి. మహబూబాబాద్ జిల్లా కేసముద్రం, ఇంటికన్నె నడుమ వరద వచ్చి కట్ట మొత్తం ఊడ్చుకపోయింది. కంకర లేదు, మట్టి లేదు, పట్టాలు స్లీపర్లతో సహా గాలిలో వేలాడినయి. ఆ ఫోటో మీరందరు చూసే ఉంటరు. వలిగొండ కంటే పెద్ద లైను, ఢిల్లీ పోయే లైను. కాని అక్కడ రైలు పడలే. రైళ్లను ఎక్కడివక్కడ స్టేషన్ల ఆపేసిన్రు. వందలమంది కూలీలు, గ్యాంగ్‌మెన్లు రాత్రి పగలు కంకర పోసి మూడు నాలుగు రోజుల్లో మళ్లీ రైలు నడిపిచ్చిన్రు. రైల్వేను తిట్టే కాడ తిడ్తం, ఇది మాత్రం ఒప్పుకోవాలె.

రెండు వరదల నడుమ తేడా ఏంది?  కబురు టైముకు చేరుడా, చేరకపోవుడా అన్నది. ఆ కబురు పుట్టేది ఆఫీసులో కాదు. పట్టా మీద నడిచేటోని కాడ.

మా మేనమామ కీమ్యాన్ చేసి రిటైరైండు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెంట కొంత దూరం నడిచిన. కీమ్యాన్ అంటే, ఒకప్పుడు పట్టాను స్లీపర్‌కు పట్టి ఉంచే ఇనుప చీలను కీ అనేటోళ్లు. అవి రైలు అదురుకు జారుతయి. రోజూ నడుసుకుంట సుత్తెతోని మళ్లీ కొట్టుడు ఆయన పని. ఇప్పుడు స్ప్రింగు క్లిప్పులొచ్చినయి, పేరు మాత్రం కీమ్యానే. ఐదారు కిలోమీటర్లు ఆయన బీటు. పోంగ ఒక పట్టా, రాంగ ఒక పట్టా చూసుకుంట వస్తడు. భుజానికి సుత్తె, పానా, సంచిలో ఎర్రజెండా, పటాకలు.

పటాకలంటే దీపావళివి కాదు. పట్టా విరిగిందనుకో, రైలు వచ్చే దిక్కు ఉరకాలె. 1200 మీటర్ల దూరం ఉరికి, పది పది మీటర్ల ఎడంతోని మూడు పటాకలు పట్టాకు కట్టాలె. చక్రం ఎక్కంగనే అవి పేల్తయి. డ్రైవర్ బ్రేకు కొడ్తడు. అంత దూరం ఎందుకంటే జోరు మీదున్న రైలు ఆగనీకి ఇంచుమించు కిలోమీటరు పడ్తది. 1200 మీటర్లు కంకర మీద ఉరికి చూసిన్రా ఎవరన్న? మామ అనేటోడు, "అల్లుడా, పోలీసు సెలక్షన్ల ఒక్కసారి ఉరికితే ఉద్యోగమిస్తరు. మేం ఉద్యోగమొచ్చినంక ఉరుకుతం."

ఎండాకాలం ఇంకో తీరు. మునుపు 13 మీటర్ల పట్టాలు అతుకులతో ఉండేటివి, అతుకు కాడ సందు. రైలు పోతుంటే టకటక చప్పుడు అదే. ఇప్పుడు కిలోమీటర్ల పొడుగున అతికించిన్రు, చప్పుడు పోయింది, ప్రయాణం మెత్తగైంది. కాని ఎండకు సాగాల్నంటే పట్టాకు తావు లేదు. రామగుండం దిక్కు ఎండలకు పట్టా 60 డిగ్రీలు దాటుతది. కంకర తక్కువున్న చోట పామోలె వంకర తిరుగుతది. అందుకే నడి మధ్యాహ్నం, అందరం నీడకు పోయిన యాల్ల, గ్యాంగ్‌మెన్ పట్టా మీద నడవాలె. చలికాలం తెల్లారుజామున పట్టా ముడుచుకొని విరుగుతది, అప్పుడు నడవాలె. వానాకాలం రాత్రి, లాంతరు పట్టుకొని నడవాలె. రెండు బీట్ల హద్దు కాడ ఇటువాడు అటువాడు కలిసి పుస్తకాలు మార్చుకుంటరు, ఇద్దరు నిజంగనే నడిచిన్రు అన్నదానికి అదే సాక్ష్యం. ఇప్పుడు ఆ పుస్తకానికి తోడు జీపీఎస్ పరికరం కూడ ఇస్తున్నరు. వంతెన స్తంభానికి ప్రమాద గుర్తు గీసి ఉంటది. నీళ్లు ఆ గీత ముట్టినయంటే రైలు ఆపాలె. ఆ గీత చూసేది ఇంజినీర్ కాదు, తడుసుకుంట నిలబడ్డ ఆ మనిషి.

యంత్రాలు వచ్చినయి, కాదంటలేను. కంకర దట్టించే యంత్రం, పట్టా లోపలి పగులును చప్పుడుతోని పట్టే యంత్రం, అన్నీ ఉన్నయి. మునుపు మేట్ పట్టా మీద వంగి ఒక కన్ను మూసి చూసి ఎక్కడ లోతుందో చెప్తుంటే, నలుగురు గడ్డపారలతోని కంకర కొట్టేటోళ్లు. ఆ చాకిరి తగ్గింది, మంచిదే. కాని చెరువు కట్ట మీద బుడగలొస్తున్నయని ఏ యంత్రం చెప్పదు.

ఈ మనుషులు ఎట్ల చస్తరో కూడ చెప్పాలె. ఒక పట్టా మీద రైలు వస్తుంటే పక్క పట్టా మీదికి జరుగుతరు, అటు నుంచి ఇంకోటి వస్తది. 2012లో అనిల్ కకోద్కర్ కమిటీ చెప్పింది: 2007 నుంచి 2011 అక్టోబర్ దాకా రైల్వే ఉద్యోగులు డ్యూటీ మీద సుమారు 1600 మంది చనిపోయిన్రని. 2017లో రైల్వే భద్రత కోసమని ఐదేండ్లకు లక్ష కోట్ల నిధి పెట్టిన్రు. 2022లో కాగ్ లెక్క తీస్తే, ఆ భద్రత పైసలకెల్లి కొన్నవాటిలో పింగాణీ సామాన్లు ఉన్నయి, కాళ్లు పిసికే యంత్రం ఉన్నది. రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు కంకర మీద నడిచేటోని కాళ్ల కోసం కొన్నరా అంటే, కాదు!

ఇగ ప్యాసింజర్. మీరు పేపర్లో రోజూ చదువుతరు, "పట్టాల మరమ్మతుల కారణంగ ఫలానా ప్యాసింజర్లు రద్దు" అని. మరమ్మతు చెయ్యాల్నంటే రెండు మూడు గంటలు లైను ఖాళీ కావాలె. దాన్ని బ్లాకు అంటరు. అధికారుల తర్కం ఏందంటే ప్యాసింజర్ ప్రతి ఊర్లె ఆగుతది, లైనును ఎక్కువసేపు పట్టుకుంటది, అది తీసేస్తే ఎక్కువ జాగ దొరుకుతది. లెక్కకు అది నిజమే. కాని ప్రతిసారి త్యాగం చేసేది ఒక్కడే ఎందుకయ్యిండు? ఒకసారి పెద్ద రైలును అరగంట ఆపి చూడండి. పాల క్యాన్లోడు, కాలేజీ పోరడు, టీచరమ్మ, కూలి అక్క అడుగుతున్నది అంతే.

2020 మార్చిలో కరోనాకు అన్ని రైళ్లు ఆగినయి. మళ్లీ నడిపినప్పుడు ప్యాసింజర్ బండ్లకు ఎక్స్‌ప్రెస్ చార్జి పెట్టిన్రు. అదే పెట్టె, అదే చెక్క సీటు, అదే జోరు. కనీస టికెట్ 10 రూపాయలది 30 అయింది. 2024 ఫిబ్రవరిలో మళ్లీ 10 చేసిన్రు. అప్పటిదాకా పేదోడు నెమ్మది రైలుకు జోరు రైలు పైసలు కట్టిండు. ఎవరు రాజీనామా ఇచ్చిన్రు? ఎవరియ్యలే.

ఇప్పుడు నేను చెప్పిన కాగితం ముచ్చట. రైల్వే దగ్గర ఒక జాబితా ఉంటది. తెగితే పట్టాకు ముప్పు తెచ్చే చెరువుల జాబితా. వానాకాలం ముందు రైల్వే ఇంజినీర్లు, రాష్ట్ర నీటిపారుదల శాఖోళ్లు కలిసి ఆ చెరువులను చూడాలన్నది నియమం. కట్ట రైల్వేది కాదు, పట్టా రాష్ట్రానిది కాదు. ఒకరు చూసిన్రని ఇంకొకరు, ఇంకొకరు చూసిన్రని ఒకరు. నడుమ చెరువు. 1883లో వాళ్లు షరతుల కాగితం అడిగిన్రు. మనం ఈ జాబితా కాగితం అడగాలె. సమాచార హక్కు చట్టం ఉన్నది, పది రూపాయల ఫీజు. మీ మండలంలో ఏ ఏ చెరువులున్నయి దాంట్లో? ఆఖరుకు ఎప్పుడు కలిసి చూసిన్రు? సంతకాలు ఎవరివి? అలుగు మట్టితోని పూడిందా, తూము పనిచేస్తున్నదా? చెరువుల మీద మనం చాలా కొట్లాడినం, మిషన్ కాకతీయ కింద పూడికలు తీసినం. ఆ పూడిక తీసిన చెరువుల్లో పట్టా పైన ఉన్నవేవో మనలో ఎంతమందికి తెలుసు?

ఉద్యోగ మిత్రులు ఇక్కడ ఉన్నరు. నీటిపారుదల శాఖోళ్లు కూడ ఉన్నరు, చూస్తున్న, నవ్వుతున్నరు. మిమ్మల్ని ఇరికిచ్చుడు నా ఉద్దేశం కాదన్నా. మీరే ఒక దరఖాస్తు ఎట్ల రాయాల్నో ఈ పోరగాళ్లకు చెప్పండి, చాలు.

వచ్చే ఆదివారం మేం పది మందిమి జనగామ దగ్గర యశ్వంతాపూర్ వాగు చూడపోతున్నం. వంతెన మీదికి ఎక్కం, పక్కకెల్లి చూస్తం. స్తంభానికి గీత ఉన్నదా, పైన చెరువెట్లున్నది, తూముకు చెత్త అడ్డం పడ్డదా రాసుకొని వస్తం. వచ్చేటోళ్లు పేర్లు ఇయ్యండి. ఆ పూట ప్యాసింజర్ ఉంటే దాంట్లనే పోదాం. రద్దయితే బస్టాండుకు రండి.